గేమ్‌లో ఆఫ్‌రోడ్ ట్రక్కు: ముందు టైర్లు, కమాన్లు... ఇంజిన్ సంగతి తర్వాత

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో లారీ పని తెలియని మొహల్లా ఉండదు. ఒక ఇంట్లో డ్రైవర్, పక్కింట్లో మెకానిక్, సందు చివర పంక్చర్ షాపు. చుట్టాల్లో ఒకరిద్దరైనా సౌదీలోనో దుబాయ్‌లోనో స్టీరింగ్ పట్టినవాళ్లుంటారు. ఇలాంటి ఇళ్లలోని మగపిల్లలు ఇప్పుడు స్క్రీన్ ముందు కూర్చుని ట్రక్కులు నడుపుతున్నారు. పెద్దల కంటికి అది టైంపాస్. "పరీక్షలు పెట్టుకుని ఈ బండ్లేంట్రా" అన్న మాట దగ్గరే సంగతి ఆగిపోతుంది.

కానీ ఆ గేమ్‌లో ఆఫ్‌రోడ్ రేసు గెలవాలంటే కావాల్సింది, అబ్బా చేతుల్లో ఇరవై ఏళ్లుగా ఉన్న తెలివే. ఏ నేలకు ఏ టైరు, ఎంత గాలి, కమాన్ కట్టలు ఎంత గట్టిగా ఉండాలి, ఏ గేరు రేషియో... పిల్లాడు రాత్రి పదకొండింటికి యూట్యూబ్‌లో ఇంగ్లిష్ వీడియో పెట్టుకుని వెతికేది ఇదే. అడిగితే పక్క గదిలోనే జవాబు దొరుకుతుంది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు, అంతే తేడా.

ఈ రకం ఆటల్లో బాగా పేరున్నది ఫోర్జా హొరైజన్ 5. బ్రిటన్‌కు చెందిన ప్లేగ్రౌండ్ గేమ్స్ దీన్ని తయారు చేసింది. 2021 నవంబరులో ఎక్స్‌బాక్స్‌కు, కంప్యూటర్లకు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5కూ వచ్చింది. ఆట జరిగేది మెక్సికోలో. ఎడారి, అడవి, అగ్నిపర్వతం, సముద్రపు ఇసుక, బురద దారి, అన్నీ ఒకే మ్యాప్‌లో ఉంటాయి. తారు రోడ్డు రేసులు కాక రెండు రకాల మట్టి రేసులున్నాయి. మట్టి దారి పట్టుకుని పోయేది 'డర్ట్'. దారే లేకుండా చేలు, రాళ్లు, వాగులు దాటుకుంటూ పోయేది 'క్రాస్ కంట్రీ'. అసలు మెక్సికోలో 1967లో మొదలైన బాజా 1000 అనే ఎడారి రేసు ఇప్పటికీ ప్రసిద్ధం. దానికోసం తయారయ్యే ట్రోఫీ ట్రక్కుల్లో వెనక చక్రం రెండడుగులకు పైగానే పైకీ కిందికీ కదులుతుంది. అలాంటి ట్రక్కులు ఈ గేమ్‌లోనూ ఉన్నాయి.

ఎంపికలో జరిగే మొదటి పొరపాటు

ఆట మొదట్లోనే మూడు బండ్లు చూపించి ఒకటి తీసుకోమంటుంది: షెవర్లే కార్వెట్, టయోటా సుప్రా, ఫోర్డ్ బ్రోంకో. చూడ్డానికి అందంగా ఉందని చాలామంది కార్వెట్ వైపు పోతారు. ఆఫ్‌రోడ్ మీద మనసున్నవాళ్లకు అక్కడ బ్రోంకోనే సరైనది.

తర్వాత కొనడం మొదలవుతుంది. ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్, జీపులు, మెర్సిడెస్ యునిమాగ్, ఆర్కిటిక్ ట్రక్స్ వాళ్లు 38 అంగుళాల టైర్లు వేసి పెంచిన టయోటా హైలక్స్... జాబితా పెద్దది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు హైలక్స్ కొత్తేమీ కాదు. పిల్లలు ఇక్కడ హార్స్‌పవర్ చూసి బండి తీసుకుంటారు. లేదా ఎత్తు చూసి తీసుకుంటారు. యునిమాగ్ చూడ్డానికి కొండలా ఉంటుంది. నడపడం సరదానే, కానీ బరువు ఎక్కువ, మలుపులో ఒరుగుతుంది, రేసులో వెనకపడుతుంది. చూడాల్సినవి వేరు: బండి బరువెంత, నాలుగు చక్రాలూ తిరుగుతాయా, చక్రాలు పైకీ కిందికీ ఎంత కదలగలవు.

ఇక్కడ మిర్యాలగూడ రైతును తలుచుకుంటే చాలు. వరి కోతకు మిషన్ పిలిచే ముందు ఆయన మడిలోకి దిగి కాలితో నేల చూస్తాడు. ఆరిన మడి అయితే టైర్ల మిషన్. తడిగా ఉంటే చైన్ మిషన్, గంటకు కిరాయి ఎక్కువైనా సరే. ఏ మిషన్‌కు ఎన్ని హార్స్‌పవర్ అని ఎవరూ మొదట అడగరు. నేలను బట్టి బండి. గేమ్‌లోనూ రేసు పేరు తెరిచి, మ్యాప్‌లో దారి చూసి, ఎంత మట్టి, ఎంత తారు ఉందో లెక్క వేసుకున్నాకే గ్యారేజీలోకి వెళ్లాలి.

పాయింట్ల లెక్క, ఇంటి బడ్జెట్ లెక్క

గేమ్‌లో ప్రతి బండికీ ఒక సామర్థ్యపు అంకె ఉంటుంది. ఆ అంకెను బట్టి క్లాసు. డీ క్లాసు 500 వరకు, సీ 600, బీ 700, ఏ 800, ఎస్1 900, ఎస్2 998 వరకు. ఏ క్లాసు రేసులోకి 801 ఉన్న బండి రాదు. కొత్త పార్టు వేసిన ప్రతిసారీ ఈ అంకె మారుతుంది, చాలాసార్లు పెరుగుతుంది. అంటే పార్టుకు గేమ్ కరెన్సీ ఖర్చు ఒకటి, పాయింట్ల ఖర్చు ఇంకొకటి. అసలు బిగువు రెండోదానిదే.

ఒక పికప్ 600 దగ్గర ఉందనుకోండి. ఏ క్లాసులో పరుగెత్తాలంటే చేతిలో 200 పాయింట్లు ఉన్నట్టు. నెల జీతం చేతికొచ్చిన రోజు లాంటిది ఇది. కొత్తగా ఆడేవాడు మొత్తం తీసుకెళ్లి ఇంజిన్ మీద పెట్టేస్తాడు. టర్బో, పెద్ద ఇంజిన్, 799 దగ్గర ఆగుతాడు. టైర్లు పాతవే, సస్పెన్షన్ పాతదే. మొదటి గుంత దగ్గర బండి గాల్లోకి లేస్తుంది, దిగేటప్పుడు ముక్కు నేలకు కొడుతుంది, పక్కకు పోయి చెట్టుకు తగులుతుంది. కిరాయి, రేషన్ పక్కన పెట్టి జీతం మొత్తం ఫోన్ మీద పెట్టినట్టే.

వరస ఇలా ఉంటే మేలు. ముందు టైర్లు. తర్వాత ఆఫ్‌రోడ్ లేదా ర్యాలీ సస్పెన్షన్. తర్వాత బండి బరువు తగ్గించడం. వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి అయితే నాలుగు చక్రాలకు మార్చడం గురించి ఆలోచించాలి, అది పాయింట్లు బాగానే తింటుంది కాబట్టి ప్రతి బండికీ లాభం కాకపోవచ్చు. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్. మిగిలిన పాయింట్లు ఎన్ని ఉంటే అన్ని ఇంజిన్‌కు. ఇంకో సంగతి కూడా ఉంది. రేస్, ర్యాలీ, ఆఫ్‌రోడ్ రకం సస్పెన్షన్ వేస్తే తప్ప స్ప్రింగుల బిగువు మార్చే మీట తెరుచుకోదు. యాంటీరోల్ బార్‌కు, డిఫరెన్షియల్‌కు అంతే. మంచి పార్టు వేయకుండా ట్యూనింగ్ పేజీలోకి వెళ్తే సగం మీటలు మూసుకుని కనిపిస్తాయి.

టైర్లు: కేజీ వీల్స్ చెప్పే పాఠం

నాట్ల కాలంలో దమ్ము చేసే ట్రాక్టర్‌కు ఇనుప కేజీ వీల్స్ కడతారు. బురదలో అవి లేకపోతే ట్రాక్టర్ దిగబడుతుంది. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, బండికీ పట్టు ఉండదు. టైరు గురించి ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ లేదు.

గేమ్‌లో రేసింగ్ స్లిక్ టైర్లు తారు మీద అద్భుతం, మట్టిలో దండగ. డర్ట్ రేసులకు ర్యాలీ టైర్లు సరిపోతాయి, ఎందుకంటే ఆ రేసుల్లో తారు ముక్కలూ మధ్యలో వస్తుంటాయి. క్రాస్ కంట్రీకి ఆఫ్‌రోడ్ టైర్లు. ఇవి వేస్తే తారు మీద పట్టు తగ్గినట్టు అంకెలు చూపిస్తాయి. పిల్లలు అది చూసి భయపడి తీసేస్తుంటారు. ఆ అంకెలు తారు లెక్కలోవి. వాళ్లు పరుగెత్తేది బురదలో.

గాలి సంగతి గల్ఫ్ డ్రైవర్లను అడగాలి. ఇసుకలోకి దిగే ముందు అక్కడివాళ్లు టైర్లలో గాలి 15 నుంచి 18 పీఎస్ఐ దాకా తీసేస్తారు. గాలి తగ్గితే టైరు పరుచుకుని నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, దిగబడదు. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి నింపడం తప్పనిసరి, లేకపోతే టైరు వేడెక్కి పేలుతుంది. గేమ్‌లో ఆఫ్‌రోడ్ ట్రక్కుకు 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, బండి మలుపులో మెత్తగా ఊగుతుంటే కొద్దిగా పెంచడం, మట్టిలో జారుతుంటే తగ్గించడం మంచి పద్ధతి. రియాద్‌లో ఉన్న మామూకు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెడితే ఏ వీడియోలోనూ లేని వివరాలు వస్తాయి.

కమాన్లు, షాక్‌అబ్జార్బర్లు

ట్యూనింగ్‌లో అసలు పని ఇక్కడే. స్ప్రింగు, షాక్‌అబ్జార్బర్, యాంటీరోల్ బార్, మూడూ వేర్వేరు పనులు చేస్తాయి. గేమ్‌లో మూడింటికీ మీటలున్నాయి కాబట్టి పిల్లలు మూడింటినీ ఒకేసారి కదిపి, ఏది దేనివల్ల జరిగిందో తెలియక తికమక పడతారు.

స్ప్రింగు బరువును మోస్తుంది. సిమెంటు లోడు కొట్టే లారీకి కమాన్ కట్టలో పట్టీలు ఎక్కువ. ఆ లారీ ఖాళీగా వస్తుంటే గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, డ్రైవర్ నడుముకు తెలుస్తుంది. రేసు ట్రక్కు ఎప్పుడూ ఖాళీనే కాబట్టి గట్టి స్ప్రింగులు అక్కర్లేదు. మెత్తగా ఉంటే చక్రం గుంతలోకి దిగి నేలను వదలకుండా ఉంటుంది. చక్రం గాల్లో ఉంటే ఎంత పెద్ద ఇంజిన్ ఉన్నా ఆ క్షణంలో సున్నా. అలాగని మరీ మెత్తగా చేస్తే, పెద్ద గెంతు తర్వాత బండి అడుగు నేలకు కొట్టుకుంటుంది. ఎత్తు మాత్రం క్రాస్ కంట్రీకి దాదాపు పూర్తిగా పెంచుకోవచ్చు. డర్ట్ రేసుకు కొంచెం దించాలి, ఎందుకంటే ఎత్తు పెరిగినకొద్దీ మలుపులో ఒరుగుడు పెరుగుతుంది.

షాక్‌అబ్జార్బర్ స్ప్రింగు ఊగుడును ఆపుతుంది. గేమ్‌లో దీనికి రెండు అంకెలుంటాయి. చక్రం పైకి నొక్కుకునేటప్పటి బిగువు 'బంప్', తిరిగి కిందికి దిగేటప్పటి బిగువు 'రీబౌండ్'. బంప్ ఎప్పుడూ రీబౌండ్ కంటే తక్కువ ఉండాలి, సగం నుంచి ముప్పావు వంతు మధ్య మొదలుపెడితే సరిపోతుంది. రీబౌండ్ మరీ బిగిస్తే ఏమవుతుందో చూడండి. వరసగా నాలుగు గతుకులు వస్తే, మొదటి గతుక్కి నొక్కుకున్న చక్రం కిందికి దిగేలోపు రెండోది వస్తుంది. మూడోదానికి ఇంకా పైకి. నాలుగోదానికి స్ప్రింగు కదిలే జాగానే ఉండదు, బండి రాయిలా కొట్టుకుంటుంది. ఆడేవాడికి మాత్రం స్ప్రింగు గట్టిగా ఉందేమో అనిపిస్తుంది, స్ప్రింగును మెత్తబరుస్తాడు, సమస్య ఇంకా పెరుగుతుంది. తప్పు స్ప్రింగుది కాదు.

రీబౌండ్ మరీ వదులైతే అరిగిపోయిన షాక్‌అబ్జార్బర్ ఉన్న ఆటోలా ఒక్క గుంతకు మూడుసార్లు ఊగుతుంది. ఈ తేడా అబ్బా స్క్రీన్ వైపు ఒక్క నిమిషం చూస్తే చెప్పేస్తాడు.

యాంటీరోల్ బార్ అంటే ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ. మలుపులో ఒరగకుండా చూస్తుంది. తారు మీద బిగువుగా ఉంటే మంచిదే. రాళ్ల మీద మాత్రం ఒక చక్రం పైకి లేస్తే రెండోదాన్నీ తనతో లాగుతుంది. ఆఫ్‌రోడ్‌కు బాగా వదులు చేయాలి.

గేర్లు, డిఫరెన్షియల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టిప్పర్‌కూ హైవే లారీకీ క్రౌన్ పినియన్ రేషియో ఎందుకు తేడా ఉంటుందో అదే ఇక్కడా. అంకె పెంచితే లాగుడు పెరుగుతుంది, గరిష్ఠ వేగం తగ్గుతుంది. రేసు మొత్తంలో టాప్ గేరు పడనే లేదంటే ఫైనల్ డ్రైవ్ అంకె కొంచెం పెంచాలి. సూటి దారి అయిపోకముందే ఇంజిన్ గుక్క తిప్పుకోకుండా అరుస్తుంటే తగ్గించాలి. నాలుగు చక్రాల బండిలో బలం 60 నుంచి 65 శాతం వెనక్కి పంపితే మలుపు బాగా తిరుగుతుంది. వెనక డిఫరెన్షియల్ లాక్ ఎక్కువ పెడితే రెండు చక్రాలూ కలిసి లాగుతాయి, బురదలో టిప్పర్‌కు డిఫ్ లాక్ వేసినట్టు. పూర్తిగా పెడితే బండి మలుపు తిరగనని మొండికేస్తుంది.

చివరగా ఒక అలవాటు. ఒకే దారి ఎంచుకుని, ఒకసారికి ఒకే మీట కదిపి, నడిపి, టైం నోటుబుక్కులో రాసుకోవాలి. గేమ్‌లోనే చక్రాల కదలిక, టైరు వేడి చూపించే పేజీ ఉంటుంది, దాన్ని తెరిచి చూడాలి. వేరేవాళ్లు చేసిన ట్యూన్‌లు షేర్ కోడ్ కొట్టి ఉచితంగా దించుకోవచ్చు. తప్పేం లేదు. కానీ దించుకున్న ట్యూన్ ఎందుకలా ఉందో తెలియకపోతే దారి మారగానే అది పనికిరాదు.

డబ్బు, జూదం అనే అనుమానం

ఈ ఆట ఫోన్‌లో ఆడే ఉచిత గేమ్ కాదు. కన్సోల్ అంటే సుమారు యాభై వేల మాట, గేమింగ్ కంప్యూటర్ అంతకంటే ఎక్కువ. డౌన్‌లోడ్ వంద జీబీ దాటుతుంది, మొబైల్ డేటా మీద కుదిరే పని కాదు. కొత్త కార్ల ప్యాకులు విడిగా డబ్బు పెట్టి కొనమని గేమ్ అడుగుతూ ఉంటుంది. అవి లేకుండా గెలవలేమన్నది అబద్ధం, మొదట్లో ఇచ్చే బ్రోంకోతోనే ఎంతో దూరం పోవచ్చు. ఇంట్లో కార్డు వివరాలు కన్సోల్‌లో సేవ్ చేసి పెట్టకపోవడం మంచిది. గేమ్ కరెన్సీ చవగ్గా ఇస్తామనీ, లక్షల క్రెడిట్లున్న అకౌంట్ అమ్ముతామనీ ఎవరైనా యూపీఐ అడిగితే అది మోసమనే అనుకోవాలి. ఒకవేళ నిజంగా ఇచ్చినా అకౌంట్ బ్లాకయ్యే ప్రమాదం ఉంది.

ఇది జూదమా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో వస్తుంది. రావడం సహజమే, ఆన్‌లైన్ రమ్మీ వల్ల అప్పులపాలైన ఇళ్లు తెలియనివి కావు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని ఆపింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం కాసే ఆటలన్నింటినీ నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని మామూలు ఆటలను వేరుగా చూసింది. ఫోర్జాలో పందెం కాసేది లేదు, గెలిచినా రూపాయి చేతికి రాదు. ఒక్కటి మాత్రం గమనించాలి. 'వీల్‌స్పిన్' అని ఒక చక్రం తిరుగుతుంది, అదృష్టాన్ని బట్టి కారో క్రెడిట్లో వస్తాయి. ఆడి సంపాదించుకుని తిప్పేదే తప్ప రూపాయలు పెట్టేది కాదు. అయినా దాని రూపం లాటరీదే, చిన్నపిల్లలకు ఆ తేడా పక్కన కూర్చోబెట్టి చెప్పాలి. ఇంకా సందేహం ఉంటే మసీదు ఇమామ్ సాబ్‌ను అడగొచ్చు. అడిగేటప్పుడు ఆట ఏమిటో సరిగ్గా చెప్పి అడగాలి, 'వీడియో గేమ్' అని ఒక్క మాటలో చెబితే ఆయన ఏం చెప్తారు పాపం.

టైం విషయంలో ఆట తప్పు ఎంతో ఇంటి పద్ధతి తప్పు అంతే. ఒక్క రేసు ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఇంకొకటి, అలా ఇషా దాటి అర్ధరాత్రి అవుతుంది. ఎన్ని రేసులో ముందే చెప్పుకుని కూర్చోవడం ఒక దారి.

గేమ్ నేర్పనిది

గేమ్‌లో తప్పు జరిగితే ఒక బటన్ నొక్కి వెనక్కి తిప్పుకోవచ్చు. బండి బోల్తా పడినా రేసు నడుస్తుంది. లోడు ఉండదు, బ్రేకులు వేడెక్కి పట్టు వదలడం ఉండదు, ఎదురుగా నిద్రమత్తులో వచ్చే డ్రైవర్ ఉండడు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఇవన్నీ ఉంటాయి. ఆ రోడ్డు మీద మనిషిని పోగొట్టుకున్న కుటుంబం దాదాపు ప్రతి మొహల్లాలో ఉంది. ధాన్యం బస్తాలు నిండుగా ఉన్న లారీ ఆగడానికి ఖాళీ లారీకంటే ఎంత ఎక్కువ దూరం కావాలో గేమ్ చెప్పదు, అబ్బా చెప్పాలి. లైసెన్సు లేని పిల్లాడి చేతికి బుల్లెట్టో బొలెరోనో ఇచ్చే ఇళ్లలో ఈ మాట మరీ అవసరం.

పిల్లాడికి నిజంగానే దీని మీద మనసు పడితే, గేమ్ బయట దారులున్నాయి. పది పాసయ్యాక ఐటీఐలో మెకానిక్ డీజిల్ ఒక ఏడాది కోర్సు, మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. పాలిసెట్ రాసి డిప్లొమాలో మెకానికల్ లేదా ఆటోమొబైల్ తీసుకోవచ్చు. ఇంజినీరింగ్ దాకా వెళ్లినవాళ్లకు 2007లో మొదలైన బాజా ఎస్ఏఈ ఇండియా అనే పోటీ ఉంది. విద్యార్థులే ఒక్క సీటు ఆఫ్‌రోడ్ బండిని గీసి, వెల్డింగ్ చేసి, కట్టి, మట్టిలో గంటల తరబడి నడపాలి. ఆ పోటీలో పెట్రోల్ బండ్లకు అందరికీ ఒకే రకం చిన్న ఇంజిన్ ఇస్తారు. దాన్ని మార్చడానికి వీల్లేదు. గెలుపు ఓటములు తేలేది బరువు దగ్గర, సస్పెన్షన్ దగ్గర, గేరింగ్ దగ్గర.